కడబంతి వారికి కూడా అందాలి

(నూజివీడు ప్రాంత పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో పశు ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మమ్మల్ని గాలికుంటు టీకాల గురించి మాట్లాడమన్నారు. టీకా ఎప్పుడు వేయించాలి, ఎన్నో నెల దూడకు వేయించాలి అన్నవి మీలో చాలామందికి తెలుసు. తెలిసినదాన్నే తిరిగి చెప్పి మీ కాలం వృథా చేయము. మన సమావేశాలలో సాధారణంగా ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటి ఎత్తుతాము. టీకా అందరికీ సరిపడా రానప్పుడు ముందు ఎవరికి వేయాలి? ఎవరు ఆగాలి? ఆ సంగతి ఎవరు నిర్ణయించాలి?

దీనికి జవాబు వెతకడానికి ఎక్కడికో పోనవసరం లేదు. 2021 వేసవిలో మనుషుల టీకా కోసం మనమంతా పడిన పాట్లు గుర్తు తెచ్చుకుంటే చాలు. అందుకే ముందు మనుషుల సంగతి చెప్పి, తరువాత పశువుల దగ్గరకు వస్తాము.

ఆ వేసవి

కోవిడ్ టీకా మన దేశంలో 2021 జనవరి 16న మొదలయింది. మొదట ఆసుపత్రుల సిబ్బందికి, ఫిబ్రవరిలో పోలీసు, పారిశుద్ధ్య, రెవెన్యూ, పంచాయతీరాజ్ సిబ్బందికి వేశారు. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, 45 దాటి దీర్ఘవ్యాధులు ఉన్నవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ వేశారు. మార్చిలో టీకా ఉన్నా వేయించుకోవడానికి వెనుకాడినవారు చాలామంది. జ్వరం వస్తుందట, పని పోతుందట అన్నారు. ఏప్రిల్ చివరకు రెండవసారి రోగం విరుచుకుపడేసరికి అదే టీకా కోసం తెల్లవారకముందే బారులు తీరారు. మే 1 నుంచి 18 ఏళ్లు దాటిన అందరూ అర్హులేనని ప్రకటన వచ్చింది. అర్హులు పెరిగారు గాని ఆ మేరకు సీసాలు పెరగలేదు.

మే నెల అంటే మన నూజివీడు ప్రాంతంలో ఎలాంటి కాలమో మీకు వేరే చెప్పనక్కరలేదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఎటు చూసినా తోటల్లో కోతలే. బంగినపల్లి కాయ మన కోసం ఆగదు. నున్న మార్కెట్టుకు బండి వేళకు చేరాలి. అదే సమయంలో, మే 5 నుంచి, రాష్ట్రమంతటా మధ్యాహ్నం 12 గంటల నుంచి మరునాడు ఉదయం 6 గంటల వరకు కర్ఫ్యూ పెట్టారు. అంటే కాయ కోత, బజారు పని, బ్యాంకు పని, టీకా వరుస, అన్నీ ఉదయం ఆరు గంటల వ్యవధిలోనే జరగాలి. గేదెకు మాత్రం కర్ఫ్యూ లేదు. సాయంత్రం పాలు పిండవలసిందే, సంఘం తీసుకోవలసిందే. టీకా కేంద్రం ముందు ఒక ఉదయం గడిచిందంటే ఆ రోజు కూలి పోయినట్లే. టీకా దొరికితే అదైనా సరిపెట్టుకోవచ్చు. ‘ఈ రోజుకు అయిపోయాయి, రేపు రండి’ అన్న మాట విని తిరిగి వచ్చినవారు ఎంతమందో!

మూడు గుమ్మాలు

ఆ రోజుల్లో పాడి రైతు మూడు గుమ్మాల దగ్గర ఆగిపోయాడు.

మొదటి గుమ్మం జాబితా. ముందు ఎవరికి వేయాలో ఢిల్లీలో రాసిన ఆ తొలి జాబితాలో, ఊరంతా రోజుకు రెండుసార్లు కలిసే కేంద్రంలో కూర్చుని పాలు కొలిచే మనిషి లేడు. వెన్న పరీక్ష చేసేవారు లేరు, క్యాన్లు ఎత్తే లారీ మనిషి లేడు. కర్ఫ్యూ ఉత్తర్వులో మాత్రం పాలు అత్యవసర వస్తువు. పని ఆపకూడదని చెప్పేటప్పుడు గుర్తు వచ్చినవారు టీకా ఇచ్చేటప్పుడు గుర్తు రాలేదు. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. జాబితా రాసేచోట మన మాట వినబడకపోతే ఏమవుతుందో చెబుతున్నాము, అంతే.

రెండవ గుమ్మం ఫోను. 18 నుంచి 44 ఏళ్లవారు మొదట కోవిన్‌లో ఫోను ద్వారా పేరు నమోదు చేసుకుని సమయం పొందితేనే టీకా అన్నారు. ఆ కోవిన్ మొదట ఇంగ్లీషులో ఉన్నది. తెలుగు వచ్చింది 2021 జూన్‌లో. వేళ్లు చురుకుగా ఆడేవారికి రెండు నిమిషాల్లో సమయం దొరికింది. పట్నాలవారు దూరపు పల్లె కేంద్రాలలో సమయం పట్టి కార్లలో వచ్చి వేయించుకుపోయారని ఆనాడు పలు రాష్ట్రాల నుంచి పత్రికలు రాశాయి. వారు చేసినది నేరం కాదు. నియమం అలా ఉన్నది. తప్పు నియమానిదే. మే 24 నుంచి ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే నమోదు చేసుకోవచ్చని సడలించారు. ఫోను లేనివారి గతి ఏమిటని మే చివర సుప్రీంకోర్టు కూడా కేంద్రాన్ని అడిగింది.

మూడవ గుమ్మం డబ్బు. మే 1 నుంచి తయారయిన టీకాలో సగం కేంద్రానికి, పావు వంతు రాష్ట్రాలకు, పావు వంతు ప్రైవేటు ఆసుపత్రులకు అన్నారు. జూన్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు నిర్ణయించిన గరిష్ఠ ధర డోసు ఒక్కింటికి కోవిషీల్డుకు 780 రూపాయలు, కోవాక్సిన్‌కు 1,410 రూపాయలు. నలుగురున్న ఇంటికి రెండేసి డోసులంటే కోవిషీల్డు అయితే 6,240, కోవాక్సిన్ అయితే 11,280 రూపాయలు. ఒక్క గేదె పాలమీద బతికే ఇంటికి ఇది అందే ధరేనా? చివరకు జూన్ 21 నుంచి నూటికి 75 వంతులు కేంద్రమే కొని 18 దాటిన అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ గుమ్మం తెరుచుకున్నది.

కోపం దేనివల్ల?

ఆ నెలల్లో కేంద్రాల దగ్గర తోపులాటలు జరిగాయి, మాటామాటా పెరిగింది. ఆలోచించి చూస్తే, వేచి ఉండటం వల్ల అంత కోపం రాలేదని మా అభిప్రాయం. చూడి గేదె ఈనేదాకా పది నెలలు ఓపిక పట్టే మనకు వేచి ఉండటం కొత్త కాదు. మనిషికి కోపం తెప్పించినది తెలియకపోవడం. ఈ రోజు ఎన్ని డోసులు వచ్చాయి? నా ముందు ఎంతమంది ఉన్నారు? నా తరువాత వచ్చినవాడు లోపలికి ఎలా వెళ్లాడు? వీటికి జవాబు లేకపోతే లేని దొంగతనం కూడా ఉన్నట్లే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాము. కోవిషీల్డు సీసాలో పది డోసులుండేవి. మూత తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. అందుకని నర్సమ్మ పదిమంది చేరేదాకా సీసా తెరిచేది కాదు. ఆరుగురు కూర్చుని ఉంటే ‘ఉంచుకుని కూడా వేయడం లేదు’ అని ఆమె మీద కేకలు వేసేవారు. సాయంత్రం తెరిచిన సీసాలో రెండు మిగిలితే, పారబోయలేక, దగ్గరలో దొరికిన ఎవరినో పిలిచి వేసేది. ‘తెలిసినవారికి వేస్తున్నది’ అని మళ్లీ మాట. ఆమె చేసిన రెండు పనులూ సరైనవే. గోడమీద ‘సీసాకు పదిమంది, తెరిస్తే నాలుగు గంటలు’ అని ఒక అట్ట కట్టి, మిగిలితే పిలవవలసినవారి పేర్లు ముందే రాసి ఉంటే సగం తగవులు వచ్చేవి కావు.

మరొక సంగతి. మే 13న కోవిషీల్డు రెండు డోసుల నడుమ ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచారు. ఎడం ఎక్కువైతే ఆ టీకా మెరుగుగా పనిచేస్తుందని బ్రిటన్ అనుభవం చెప్పింది. కాని సరుకు లేని సమయంలోనే ఆ మాట రావడంతో ‘లేక పెంచారు’ అని జనం అనుకున్నారు. శాస్త్రం సరిగా ఉండి కూడా చెప్పిన వేళ, చెప్పిన తీరు సరిగా లేకపోతే నమ్మకం పోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన రాష్ట్రం కూడా కోటి డోసుల కోసం ప్రపంచ టెండరు పిలిచింది. గడువు ముగిసేసరికి ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. అప్పుడు చేయగలిగినది ఉన్నదాన్ని వరుసలో పెట్టడమే. మే నెలలో మొదటి డోసులు ఆపి రెండవ డోసువారికే ముందు అన్నారు. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.ల చేత చీటీలు పంపి ఏ రోజు ఎక్కడికి రావాలో చెప్పించారు. జూన్‌లో అయిదేళ్లలోపు పిల్లల తల్లులను ముందు వరుసలో చేర్చారు. జూన్ 20న ఒక్కరోజులో రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సరుకు వచ్చినప్పుడు అంత వేగంగా వేయగలిగినది ఊరూరా ఇంటింటి పేర్లు రాసిపెట్టుకున్న మనుషులు ఉండటం వల్లనే.

పెద్ద బంతి

వరుస సంగతి ఊరికే పరిమితం కాలేదు. 2021 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి ఒక లెక్క చెప్పారు. అప్పటికి 49 సంపన్న దేశాలలో 3 కోట్ల 90 లక్షల డోసులు వేయగా, ఒక నిరుపేద దేశంలో వేసినవి ఇరవై అయిదు. పాతిక వేలు కాదు, పాతిక లక్షలు కాదు, అచ్చంగా 25 డోసులు. తరువాత మన దేశంలో రోగం పెరిగినప్పుడు ఇక్కడి నుంచి పోవలసిన టీకాల ఎగుమతి ఆగింది. అక్టోబరులో గాని తిరిగి మొదలు కాలేదు. మనం ముందుకు జరిగిన ప్రతి అడుగుకూ ఎక్కడో ఒకరు వెనక్కు జరిగారు. కొరతలో వరుస అంటే ఇదే. అందుకే దాన్ని ఎవరి దయకో వదలకుండా ధర్మంగా కట్టుకోవాలి.

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అని మన పెద్దల సామెత. నవ్వుకోవడానికి బాగుంటుంది. వడ్డించేవాడు ఎవరైనా కడబంతి దాకా అందాలన్నది సహకార సంఘం మాట. ఆ సామెత నిజం కాకుండా చేయడానికే మనం సంఘం పెట్టుకున్నాము.

పశువుల సంగతి

గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకు కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరు 11న మథురలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయాలి. నాలుగు నెలలు నిండిన దూడకు మొదటిది, నెల తరువాత బూస్టరు. మన దేశంలో తిరిగే ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల వైరస్‌లకూ అది పనిచేస్తుంది. అయితే 2020లో కొన్ని టీకాలు నాణ్యతా పరీక్షలో నిలవక తరువాతి విడత ఆలస్యమయింది. 2021లో దేశంలో పలుచోట్ల గాలికుంటు లేచింది. మనుషులు టీకా కోసం నిలబడిన ఏడాదే పశువులు కూడా ఎదురుచూశాయి.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. గాలికుంటు టీకా తయారుచేసే హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థను 1982లో స్థాపించినది జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ. అంటే పాడి రైతుల ఉద్యమంలో నుంచి పుట్టినదే. 2021లో కోవాక్సిన్ కొరతగా ఉన్నప్పుడు దాని ముఖ్య పదార్థం తయారీలో ఆ సంస్థ కూడా చేయి కలిపింది. గేదె కోసం కట్టుకున్నది మనిషికి కూడా పనికివచ్చింది.

ఇక కొరత రేపు మళ్లీ రావచ్చు. సీసాలు ఆలస్యం కావచ్చు, ఐసు పెట్టె చెడిపోవచ్చు. పాలు విరిగితే కంటికి కనబడుతుంది, టీకా చెడితే కనబడదు. 2 నుంచి 8 డిగ్రీల చలువ తప్పిన టీకాను వేసినా వేయనట్లే. కావున చెడినదని అనుమానమున్న సీసాను డాక్టరుగారు పక్కన పెడితే కొరతకు భయపడి వేయమని పట్టుబట్టకండి.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. పశువులు 320. వచ్చిన డోసులు 200. ఎలా పంచాలి?

‘రోజూ ఎక్కువ పాలు పోసేవారికి ముందు’ అని ఒకరంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. బోనసు అలాగే పంచుకుంటున్నాము గదా అని వాదన. కాని మన సంఘంలో రెండు కొలతలున్నాయి. డబ్బు పాలను బట్టి, ఓటు మనిషిని బట్టి. ఇరవై గేదెలున్నవారికీ ఒకే ఓటు, ఒక్క గేదె ఉన్న వితంతువుకూ ఒకే ఓటు. టీకా బోనసు కాదు. సంపాదించినదాన్ని పంచుకోవడం వేరు, ఆపదను పంచుకోవడం వేరు. ఇరవై గేదెల ఇంట్లో ఒకటి పడితే పందొమ్మిది నిలుస్తాయి. ఒక్క గేదె ఇంట్లో అది పడితే ఆ ఇంటి పొయ్యి ఆరుతుంది. కావున టీకా ఓటు కొలతతో నడవాలి.

‘అయితే ఇంటికొక డోసు వేయండి’ అని మరొకరంటారు. అదీ పనికిరాదు. ఊరంతా చెదురుమదురుగా వేస్తే రోగం అడ్డుగోడ లేకుండా తిరుగుతుంది. ఒక గుంపులో నూటికి ఎనభైకి తగ్గకుండా పడితేనే రోగం ఆగుతుంది. అందుచేత ఒక వీధి మొదలుపెడితే ఆ వీధిలోని ప్రతి పశువుకూ, సభ్యుడిదైనా కాకపోయినా, పూర్తిగా వేయాలి. రోగం సభ్యత్వం అడిగి రాదు. ఇక ఏ వీధి ముందు? పక్క ఊళ్లో రోగం ఉంటే అటువైపు వీధి ముందు. ఇది డాక్టరుగారు చెప్పాలి. మశూచిని మన దేశం నుంచి 1975లో తరిమినది ఈ పద్ధతితోనే. రోగి కనబడినచోట చుట్టూ అందరికీ వేసి కంచె కట్టారు. రోగభయం అన్నివైపులా ఒకేలా ఉంటే చీటీలు వేయాలి. అధ్యక్షులుగారి వీధిలో మొదలై ఊరి చివరి వాడకు చేరేసరికి సీసా అయిపోయే అలవాటు ఎక్కడైనా ఉంటే చీటీ దాన్ని మాన్పిస్తుంది.

సంఘాలు చేయవలసినవి

ఈ దిగువ సంగతులు మీ మహాసభలో చర్చించి తీర్మానం చేసుకోవలసినదిగా కోరుతున్నాము.

1. ఊళ్లోని పశువుల జాబితా వీధులవారీగా రాయండి. చెవిపోగు మీది 12 అంకెల నంబరు, యజమాని పేరు, వయసు, చూడి వివరం ఉండాలి. పోగు లేని పశువుకు వేయించండి.

2. వరుస నియమం టీకా రాకముందే తీర్మానించండి. సీసా వచ్చాక చేసే నియమం ఎవరికో ఒకరికి అనుకూలంగానే కనిపిస్తుంది.

3. చీటీ అందరి ముందు తీయండి. బడిపిల్ల చేత తీయిస్తే మరీ మంచిది. పాలకవర్గం వారి వీధి వరుసలో ఎక్కడ వస్తే అక్కడే.

4. పాల కేంద్రం బోర్డు మీద నాలుగు అంకెలు రాయండి. ఎన్ని డోసులు వచ్చాయి, ఎన్ని వేశారు, ఎన్ని పారబోశారు, ఎన్ని పశువులు మిగిలాయి. వెన్న శాతం రాసే బోర్డే ఇది. దాన్ని నమ్మినవారు దీన్ని కూడా నమ్ముతారు.

5. సీసాలో మిగిలే డోసుల కోసం తరువాతి వీధి నుంచి కొన్ని పేర్లు ముందే రాసి కబురు పెట్టండి.

6. ఈసారి ఆగిన వీధికి వచ్చే విడతలో మొదటి వంతు. ఇది మినిట్సు పుస్తకంలో రాయండి. మాటమీద వదలకండి.

7. టీకా దండిగా ఉన్న రోజుల్లో ‘పాలు తగ్గుతాయి’ అని పశువును కట్టుకొయ్య దగ్గర దాచిపెట్టేవారికి నచ్చజెప్పండి. తగ్గితే ఒకటి రెండు రోజులు కొద్దిగా తగ్గుతాయి. గాలికుంటు వస్తే ఆ ఈతే పోవచ్చు. ఉన్నప్పుడు వద్దని, లేనప్పుడు ముందు నాకే అనడం వరుసకు చేసే అన్యాయాలలో ఒకటి.

8. మనుషుల టీకాకు కూడా ఇలాంటి రోజు మళ్లీ వస్తే, ఫోను లేని సభ్యుల పేర్లు సంఘం రాసిపెట్టి ఏ.ఎన్.ఎం.గారికి అందజేయాలి. పాలు కొలిచేవారిని, క్యాన్లు ఎత్తేవారిని ముందు వరుసలో చేర్చమని మన సమాఖ్య ద్వారా ముందుగానే వినతి పంపాలి.

పశువులను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయింది. సూదితోపాటు లెక్క, వరుస, ఓపిక కూడా పనిచేస్తేనే అది సాధ్యమయింది. గాలికుంటు కూడా అలా పోవలసినదే.

సరుకు తక్కువ కావడం మన చేతిలో లేదు. వంతు తప్పకుండా చూడటం మన చేతిలో ఉన్నది. వచ్చే టీకా విడతకు ముందే ప్రతి సంఘమూ ఈ తీర్మానం చేసి దాని ప్రతిని యూనియన్ కార్యాలయానికి పంపగలదని ఆశిస్తూ, మీ అందరి వద్ద సెలవు తీసుకుంటున్నాము.